లెక్కకు ముందు ప్రశ్న: బళ్లారి సీమలో అంచనాల చరిత్ర

గణాంక సాఫ్ట్‌వేర్ తెరిచి రిగ్రెషన్ మెనూ నొక్కితే పద్ధతులు బారులు తీరతాయి: లీనియర్, లాజిస్టిక్, ప్వాసాన్, క్వాంటైల్, రిడ్జ్, లాసో. ఏది నొక్కినా క్షణంలో పట్టిక వస్తుంది, నాలుగు దశాంశాల దాకా అంకెలు వస్తాయి. ఎంచుకున్నది తప్పు పద్ధతి అయితే యంత్రం మొరాయించదు. సరైన పద్ధతి కంటే తప్పు పద్ధతే ఒక్కోసారి ముచ్చటైన పట్టిక ఇస్తుంది. అందువల్ల పద్ధతి ఎంపిక అంటే సాఫ్ట్‌వేర్ బాగా తెలిసినవాళ్ల పని అన్న అభిప్రాయం పాతుకుపోయింది. నా వాదన వేరు. ఆ అంకెలు ఎవరి చేతుల మీదుగా, ఏ అవసరం కోసం, ఏ సరిహద్దుల మధ్య పుట్టాయో తెలుసుకున్నాకే పద్ధతి తేలుతుంది. అవి ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలవో, ఏ ప్రశ్నకు చెప్పలేవో ముందు నిర్ణయమైపోతుంది. మెనూ దగ్గరికి వచ్చేసరికి మిగిలేది చాలా కొద్ది. దీనికి సాక్ష్యం బళ్లారి సీమలో పుష్కలంగా ఉంది. రెండు వందల ఏళ్లుగా అక్కడ శిస్తును, కరువును, వానను, భాషను లెక్కగడుతూనే ఉన్నారు. ఆ లెక్కల వెనుక ఉండే గణితాన్ని ప్రపంచానికి నేర్పిన తెలుగువాడు పుట్టిందీ ఆ జిల్లాలోనే.

కథ దత్తమండలాలతో మొదలవుతుంది. 1800 అక్టోబరులో నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ కర్నూలులో కొంత భాగాన్నీ ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకూ ఉండి, చేను చేనునూ కొలిపించాడు. 1802లో సర్వే మొదలైనప్పుడు కొలత తెలిసిన గుమాస్తాలు నలుగురే. తర్వాత కొత్తవాళ్లకు నేర్పుతూ బలగాన్ని పెంచారు. గొలుసు పొడవు 33 అడుగులు. గొలుసు పొడవూ గొలుసు వెడల్పూ ఉన్న చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. కొలతగాళ్ల వెనుక శిస్తు కట్టేవాళ్లు వచ్చి మాగాణి, మెట్ట, తోట అని భూమిని విడదీశారు. అందులో మళ్లీ నల్లరేగడా, ఎర్రనేలా, సారం ఎంత అని తరగతులు వేశారు. ఊరి రెడ్డినీ కరణాన్నీ రైతులనూ దగ్గర పెట్టుకుని ఏ చేను ఏ తరగతిదో తేల్చారు. ఆ కాలానికి ఇది అసాధారణమైన సమాచార సేకరణ. అయితే శిస్తు నిర్ణయం మాత్రం చేను దగ్గర మొదలు కాలేదు. పాత ప్రభుత్వాల వసూళ్ల లెక్కలు చూసి, తన అనుభవం జోడించి, సీమ మొత్తానికి ఎంత రావాలో కలెక్టరు ముందే నిర్ణయించాడు. ఆ మొత్తం ఊళ్ల మీదికీ ఊళ్ల నుంచి చేల మీదికీ దిగివచ్చింది.

ఈ ఏర్పాటులో రెండు రకాల జ్ఞానం కలిసిపోయింది. ఈ చేను ఆ చేను కంటే ఎంత మేలు అన్నది నేల మీద నడిచి, ఊరివాళ్లను అడిగి తెలుసుకున్నది. అసలు ఈ సీమ ఎంత భారం మోయగలదు అన్నది మాత్రం నేల చెప్పింది కాదు, పాత వసూళ్ల దస్తరం చెప్పింది. మొదటిది తులనాత్మకం, రెండోది పరిమాణం. చేల పట్టిక ఎంత జాగ్రత్తగా తయారైనా రెండో ప్రశ్నకు అందులో జవాబు లేదు. ఈ తేడా మన్రోకు తెలిసిందనడానికి 1807లో అతను చేసిన సిఫారసే రుజువు. శిస్తు పంట దిగుబడిలో దాదాపు 45 శాతం దాకా పోతోందనీ, మూడోవంతుకు దించాలనీ అతను వాదించాడు. అందుకోసం అన్ని భూములకూ 25 శాతం తగ్గింపు అడిగాడు, బావుల కిందా చెరువుల కిందా ఉన్న తోటలకు ఇంకొంత అదనంగా అడిగాడు. తరగతుల మధ్య తేడాలను చాలావరకు అలాగే ఉంచి మొత్తం మట్టాన్ని దించమన్నాడు. మద్రాసు ప్రభుత్వం ఆ మాట అప్పట్లో వినలేదు. ఊళ్లను గుత్తకిచ్చే పద్ధతికి మారింది, మొదట మూడేళ్ల గుత్తలు, తర్వాత పదేళ్ల గుత్తలు. గుత్తదారులు చాలామంది దెబ్బతిన్నాక, రైతు దగ్గరే నేరుగా శిస్తు తీసుకునే రైతువారీ పద్ధతి తిరిగివచ్చింది. మన్రో గవర్నరయ్యాకే తగ్గింపు అమలుకు వచ్చింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజంగా వస్తుంది. రిగ్రెషన్ గురించి మాట్లాడుతూ ఈ శిస్తు పంపకాన్ని ఉదాహరణగా చూపడం ఇవాళ్టి పేరును నిన్నటి పనికి అంటగట్టడం కాదా? పేరు విషయంలో ఆక్షేపణ నిజమే. రిగ్రెషన్‌కు ఆధారమైన కనిష్ఠ వర్గాల పద్ధతిని ఫ్రాన్సులో లజాండ్ర్ అచ్చువేసింది 1805లో, సరిగ్గా ఇక్కడ గొలుసులు పరుచుకుంటున్న రోజుల్లో. ఆ సంగతి మన్రో గుమాస్తాలకు తెలిసే అవకాశమే లేదు. రిగ్రెషన్ అన్న పేరు గాల్టన్ పెట్టింది 1880లలో. నేను చెప్పేది మన్రో రిగ్రెషన్ చేశాడని కాదు. నేల లక్షణాల నుంచి రాబడిని ఊహించే ప్రతివాడికీ ఎదురయ్యే చిక్కు అతనికీ ఎదురైందని. సూత్రం ఉన్నా లేకపోయినా ఆ చిక్కు ఉంటుంది. సూత్రం చేతికి వచ్చాక అది కంటికి కనిపించకుండా పోతుంది, అంతే తేడా. ఆ చిక్కును గణిత భాషలో పట్టి చూపించిన వ్యక్తి సుమారు నూటయిరవై ఏళ్ల తర్వాత అదే జిల్లాలో పుట్టాడు.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న హడగలిలో పుట్టారు. తెలుగు కుటుంబం, తండ్రి దొరస్వామి నాయుడు పోలీసు ఇన్‌స్పెక్టరు. అప్పటికి హడగలి మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. తండ్రి బదిలీలతో చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం మీదుగా సాగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, 1941లో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. తర్వాత కేంబ్రిడ్జిలో ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పరిశోధన చేశారు. 1950ల నడుమ ఆయన ముందుకు జపాన్ నుంచి ఒక దత్తాంశం వచ్చింది. హిరోషిమా, నాగసాకి అణుబాంబుల వికిరణం మనుషుల మీద దీర్ఘకాలంలో ఏ ప్రభావం చూపిందో తేల్చడానికి సేకరించిన కొలతలవి. మామూలు పద్ధతిలో లెక్కకట్టాలంటే ఒక మాత్రికకు విలోమం కావాలి, కానీ ఆ మాత్రికకు విలోమమే లేదు. విలోమం లేనిచోట దాని పని చేసిపెట్టే మరో మాత్రికను రావు నిర్మించారు. 1962లో దాన్ని సాధారణీకృత విలోమంగా సిద్ధాంతీకరించారు, 1971లో ఎస్.కె. మిత్రాతో కలిసి దాని మీద ఒక గ్రంథమే రాశారు.

ఆ మాత్రికకు విలోమం ఎందుకు ఉండదో దత్తమండలాల పట్టికతోనే చూపవచ్చు. మాగాణికి ఒక గడి, మెట్టకు ఒకటి, తోటకు ఒకటి పెట్టి, ప్రతి చేనుకూ తన గడిలో 1, మిగతా రెంటిలో 0 వేద్దాం. వాటికి తోడు అన్ని చేలకూ ఉమ్మడిగా ఒక స్థిరాంకం కూడా అడుగుదాం. ఏ చేనుకైనా మూడు గడుల మొత్తం 1 అవుతుంది కనుక నాలుగో ప్రశ్నలో కొత్త సమాచారం ఏమీ లేదు. స్థిరాంకాన్ని వంద పెంచి మూడు గుణకాలనూ వంద తగ్గించినా అంచనాలు మారవు. జవాబులు అసంఖ్యాకం. కానీ మాగాణికీ మెట్టకూ మధ్య తేడా అన్ని జవాబుల్లోనూ ఒకటే. రావు చెప్పిన సిద్ధాంతపు సారం ఇది: విడి గుణకాలను తేల్చలేని దత్తాంశం కూడా కొన్ని తేడాలను కచ్చితంగా తేల్చగలదు, ఏవి తేలతాయో ఏవి తేలవో ముందే చెప్పవచ్చు. మన్రో శిస్తూ ఈ మాత్రికా అచ్చంగా ఒకటే లెక్క కాదు. అక్కడ మట్టం బయటి దస్తరం నుంచి వచ్చింది, ఇక్కడ అసలు నిర్ణయం కాదు. రెండు చోట్లా తేడాలు చెప్పగల పట్టికను మట్టం అడగకూడదన్నదే పాఠం. ఇవాళ ఇలాంటి పట్టిక ఇస్తే ఆర్ సాఫ్ట్‌వేర్ ఒక గుణకాన్ని వదిలేసి ఆ గడిలో NA అని చూపిస్తుంది. సాస్ అయితే మాత్రికకు విలోమం లేదనీ, సాధారణీకృత విలోమం వాడాననీ పట్టిక కింద చిన్న గమనిక వేస్తుంది. పద్ధతి ఎంపికలో ఎంతో విలువైన హెచ్చరిక అది. అంకెల తొందరలో చాలామంది దాన్ని చదవకుండా పేజీ తిప్పేస్తారు.

రెండో సాక్ష్యం కరువు. రైతువారీ శిస్తును రొక్కంలో స్థిరపరచడం వెనుక మంచి ఏళ్లు చెడ్డ ఏళ్లను ఆదుకుంటాయన్న సగటు తర్కం ఉంది. ఖజానాకు ఆ తర్కం సరిపోతుంది, దానికి అన్ని ఏళ్లూ అన్ని ఊళ్లూ కలిపి చూసుకునే వీలుంది. గరిసెలో గింజల నిలవ లేని రైతుకు ఏడేళ్ల సగటుతో పని లేదు, ఎండిపోయిన ఒక్క ఏడు చాలు. 1876–78 కరువు ఈ సీమను ఎంతగా తుడిచిపెట్టిందంటే 1871, 1881 జనాభా లెక్కల మధ్య బళ్లారి జనం దాదాపు అయిదోవంతు తగ్గిపోయారు. కరువుకు శిస్తు ఒక్కటే కారణమనడం తేలిక మాట అవుతుంది. వానల్లేకపోవడం, ధరలు పెరగడం, కూలి దొరకకపోవడం, సహాయం ఆలస్యంగా అందడం, అంటురోగాలు అన్నీ కలిశాయి. ఇక్కడ చూడవలసింది ప్రశ్న ఆకారం. సగటు దిగుబడి కావాలంటే లీనియర్ రిగ్రెషన్ చాలు. పదేళ్లలో అతి చెడ్డ ఏడు ఎలా ఉంటుందన్నది ప్రశ్న అయితే కోయెంకర్, బాసెట్ 1978లో ప్రతిపాదించిన క్వాంటైల్ రిగ్రెషన్ కావాలి. పంట పోయిందా లేదా అన్నది ప్రశ్న అయితే లాజిస్టిక్. ఎన్ని బావులు ఎండాయి అన్నది ప్రశ్న అయితే ప్వాసాన్ లాంటి లెక్కింపు పద్ధతి. నెల్డర్, వెడర్‌బర్న్ 1972లో వీటిలో చాలావాటిని ఒకే చూరు కిందికి తెచ్చారు. ఆ చూరు కింద ఎక్కడ కూర్చోవాలో చెప్పేది ఖజానా ప్రశ్న అడుగుతున్నామా, రైతు ప్రశ్న అడుగుతున్నామా అన్నదే.

మూడోది వాన. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు ఆ కరువు మొదటి పెద్ద పరీక్ష. శాఖాధిపతి బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మంచుకూ రుతుపవనానికీ సంబంధం వెతికాడు. 1904లో ఆ బాధ్యత చేపట్టిన గిల్బర్ట్ వాకర్ ప్రపంచం నలుమూలల పీడనం, ఉష్ణోగ్రత, వానల లెక్కలు తెప్పించి, గుమాస్తాల బృందంతో సహసంబంధాలు కట్టించి, రిగ్రెషన్ సూత్రాలతో వానను ముందుగా చెప్పే ప్రయత్నం చేశాడు. దేశమంతటికీ ఒకే సూత్రం నప్పదని గ్రహించి ద్వీపకల్పానికి వేరుగా, వాయవ్య భారతానికి వేరుగా సూత్రాలు కట్టాడు. కాలం గడిచేకొద్దీ ఆయన ఎంచుకున్న సంబంధాల్లో కొన్ని సన్నగిల్లాయి. ఆ తర్వాతి కథ ఇంకా స్పష్టం. 1988లో పదహారు అంశాల పవర్ రిగ్రెషన్ నమూనా వచ్చింది. పధ్నాలుగేళ్లు పెద్ద కరువు లేకుండా గడిచాయి, నమూనాకూ మంచి పేరు వచ్చింది. 2002లో సాధారణ వానలో 101 శాతం పడుతుందని అది చెప్పింది, పడింది 81 శాతం. మరుసటి ఏడు దాని స్థానంలో ఎనిమిది, పది అంశాల నమూనాలు వచ్చాయి. గణనలో ఎవరూ పొరపాటు చేయలేదు. వాన బాగా పడిన ఏళ్లలో నెగ్గిన పద్ధతి కరువును పసిగట్టగలదని నమ్మడమే పొరపాటు. పైగా దేశం మొత్తానికి చెప్పిన సగటు, వానచాటు ప్రాంతమైన బళ్లారి రైతు విత్తాలా ఆగాలా అన్న ప్రశ్నకు జవాబు కానే కాదు.

నా వాదనకు ఎదురయ్యే బలమైన ఆక్షేపణ ఇది. ఇప్పుడు యంత్రాలు వందల పద్ధతులను వరుసగా ప్రయత్నించి, కొంత దత్తాంశాన్ని పక్కనపెట్టి దాని మీద పరీక్షించి, నెగ్గినదాన్ని ఇస్తాయి. చరిత్ర తవ్వుకుంటూ కూర్చోవడం దేనికి? ఈ పరీక్ష గొప్ప సాధనమే, కాదనను. కానీ దాని హద్దును వాకరే 1914లో చూపించాడు. చాలా సంబంధాలను వెతికి వాటిలో అన్నిటికంటే బలమైనదాన్ని ఎంచుకుంటే, అది కేవలం యాదృచ్ఛికంగా కూడా అంత బలంగా కనిపించవచ్చనీ, ఎన్నింటిలోంచి ఏరుకున్నామో దాన్ని బట్టి కొలబద్దను కఠినం చేయాలనీ ఆయన చెప్పాడు. ఆ లెక్క వేయాలంటే ఎన్ని పద్ధతులు ప్రయత్నించామో దాచకుండా చెప్పాలి. ఇంకో హద్దు కూడా ఉంది. పక్కనపెట్టిన దత్తాంశం కూడా అదే కాలానిది, అదే సేకరణది. 1988 నుంచి 2001 వరకూ ఏ ఏడును పక్కనపెట్టి పరీక్షించినా అందులో 2002 లాంటి ఏడు లేదు. దత్తాంశంలో లేని కరువును పరీక్ష పుట్టించలేదు. ఆ లోటును గుర్తించగలిగేది సీమ చరిత్ర తెలిసినవాడే.

సరిహద్దు జిల్లా కావడం వల్ల బళ్లారి మరో పాఠం నేర్పుతుంది. ‘బళ్లారి జిల్లా’ అని పట్టికలో ఒకే వరుస కనిపించినా అది ఒకే నేల కాదు. 1882లో అనంతపురం విడిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, మిగతావి మైసూరుకు పోయాయి. 2021లో విజయనగర జిల్లా వేరుపడింది, రావు పుట్టిన హడగలి ఇవాళ అందులో ఉంది. నూటయాభై ఏళ్ల జిల్లా లెక్కలను యథాతథంగా తీసుకుని కాలం మీద గీత గీస్తే, ఆ గీతలోని మలుపుల్లో కొన్ని జనానివీ పంటలవీ కావు, గెజెట్ నోటిఫికేషన్లవి. ఏ ఆధునిక పద్ధతి వాడినా ఈ దోషం తనంతట పోదు. తాలూకాల వారీగా లెక్క విడదీసి, ఒకే నేలను అన్ని కాలాల్లోనూ పోల్చుకోవాలి. ఆ పని విసుగు పుట్టిస్తుంది, మెనూలో దానికి మీట లేదు.

1953 నాటి వివాదం ఈ వాదనకు కొసమెరుపు. తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసిన బళ్లారి తాలూకా ఎవరికి చెందాలన్నది తేల్చడానికి జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రాను నియమించారు. ఆయన నివేదిక తర్వాత తాలూకా మైసూరుకు వెళ్లింది. రెండేళ్లకే, 1955లో, రాష్ట్రాల పునర్విభజన సంఘం తుంగభద్ర ప్రాజెక్టు నిర్వహణను ప్రధానంగా చూసి బళ్లారి, సిరిగుప్ప, హోస్పేట తాలూకాలనూ మల్లాపురంలో కొంత భాగాన్నీ ఆంధ్రకు ఇవ్వాలంది. 1956లో ఆ సిఫారసు అమలు కాలేదు, తాలూకాలు మైసూరులోనే ఉండిపోయాయి. ఆ రెండేళ్లలో తాలూకా జనాభా మారిపోలేదు, మాట్లాడే భాషలూ మారలేదు. మారింది ప్రశ్న. ఏ అంశాన్ని లెక్కలోకి తీసుకోవాలి, దేనికి ఎంత బరువివ్వాలి అన్నది మారింది. ఏ చలరాశులు నమూనాలో ఉండాలన్న నిర్ణయం ఎంత రాజకీయమైనదో ఇంతకంటే సూటిగా చూపే ఉదాహరణ తెలుగువారి చరిత్రలో అరుదు.

ఆచరణలో సాదా లీనియర్ రిగ్రెషన్ చాలా పనులకు సరిపోతుంది కదా, ఇంత శ్రమ అవసరమా అని ఇంకొకరు అడగవచ్చు. సరిపోతుంది, నిజమే. అవునా కాదా అన్న ఫలితానికి కూడా అది చాలాసార్లు దగ్గరి జవాబే ఇస్తుంది. చదివేవాడికి సులువుగా అర్థమవుతుంది, తప్పులు తొందరగా బయటపడతాయి. జటిలమైన పద్ధతే మేలైనదని నేను అనడం లేదు. పదహారు అంశాల నమూనా కథ దానికి విరుద్ధంగానే చెబుతోంది. సాదా పద్ధతి ఎంచుకున్నా అది ఎందుకు చాలునో చెప్పగలగాలి. ఆ కారణం దత్తాంశం పుట్టుకలోంచి రావాలి.

దీనికి సైద్ధాంతిక ఆధారం కూడా రావు దగ్గరే ఉంది. కలకత్తాలో ఇరవైమూడేళ్ల వయసులో పాఠం చెబుతుండగా, ఫిషర్ పెద్ద నమూనాలకు చెప్పిన ఫలితం చిన్న నమూనాలకూ వర్తిస్తుందా అని వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. ఆ ప్రశ్నలోంచి వచ్చిన జవాబు 1945లో అచ్చయింది, క్రామేర్–రావు హద్దుగా ప్రపంచమంతా పేరుపొందింది. ఒక దత్తాంశంలో ఎంత సమాచారం ఉందో దాన్ని బట్టి పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఒక కచ్చితత్వాన్ని మించి పోలేదని ఆ హద్దు చెబుతుంది. మంచి పద్ధతి ఆ హద్దు దాకా తీసుకుపోతుంది, చెడ్డది ఇవతలే ఆపేస్తుంది. కొంత పక్షపాతాన్ని ఒప్పుకుని స్థిరత్వం కొనుక్కునే రిడ్జ్, లాసో లాంటివి వేరే బేరం చేస్తాయి, కానీ వాటికీ దత్తాంశంలో లేని సమాచారం తయారుచేసే శక్తి లేదు. కాబట్టి విశ్లేషకుడు మెనూ తెరవకముందే మూడు సంగతులు రాసుకోవాలి: ఈ అంకెలను ఎవరు, ఎందుకు సేకరించారు; నేను అడుగుతున్నది సగటునా, చెడ్డ ఏడునా, తేడానా, మట్టాన్నా; పట్టికలోని పేర్లు అన్ని ఏళ్లలోనూ ఒకే నేలను సూచిస్తున్నాయా. వీటికి జవాబులు దొరికితే పద్ధతి దాదాపుగా తనే తేలుతుంది. దొరకకపోతే, సాఫ్ట్‌వేర్ ఎంచి ఇచ్చేది ఏదైనా మన్రో చేతిలోని పాత వసూళ్ల దస్తరం లాంటిదే అవుతుంది: మొత్తం ముందే నిర్ణయమై ఉంటుంది, చేల కొలత దానికి సాక్షి సంతకం మాత్రం పెడుతుంది.